గోడ రంగు, స్లాబు ఇనుము: ఇంటి యజమానుల సంఘాల మీద ఒక సమీక్ష

అమెరికాలో సుమారు ఏడున్నర కోట్ల మంది ఏదో ఒక ఇంటి యజమానుల సంఘం పరిధిలో నివసిస్తున్నారు. అక్కడ హెచ్‌ఓఏ అని పిలిచే ఈ సంఘాలు, అపార్టుమెంట్ల సంఘాలతో కలిపి, 1970లో పదివేల దాకా ఉండేవి. ఇప్పుడు మూడున్నర లక్షలు దాటాయి. ఈ అంచనాలు సంఘాల తరఫున పనిచేసే కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్‌వి. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాల్లో చాలామంది బ్యాంకు వాయిదాతో పాటు సంఘం రుసుమూ కడుతుంటారు. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఫ్లాటు కొన్నవాళ్లు మెయింటెనెన్స్ పేరుతో కట్టేదీ అలాంటిదే. ఈ సంఘాల మీద యాభై ఏళ్లుగా నడుస్తున్న చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. సంఘమంటే ఇష్టపడి చేసుకున్న ఒప్పందమని కొందరు, పైన అడిగేవాళ్లు లేని చిన్న ప్రభుత్వమని మరికొందరు వాదిస్తూ వచ్చారు. ఆ వాదాలన్నీ వరసగా చూస్తే ఒక లోపం బయటపడుతుంది. మనుషుల నడవడి మీద సంఘానికి ఎంత పెత్తనం ఉండాలన్నదే ఇరుపక్షాలకూ ముఖ్యమైంది. భవనం బాగోగులు ఎవరు, ఎప్పుడు, ఏ డబ్బుతో చూడాలన్నది వెనకబడిపోయింది. గోడ రంగు విషయంలో చట్టం సంఘానికి పగ్గం వేయాలి, స్లాబు ఇనుము విషయంలో మాత్రం సంఘం చేత పని చేయించి తీరాలి అన్నది ఈ వ్యాసం వాదన. ఇప్పటి చట్టాలు చాలాచోట్ల దీనికి సరిగ్గా ఎదురుగా నడుస్తున్నాయి.

తోట నుంచి ఊరి దాకా

సంపన్నులు కొందరు ఒక తోటను ఉమ్మడిగా చూసుకోవడంతో ఈ చరిత్ర మొదలైంది. న్యూయార్క్‌లో శామ్యూల్ రగిల్స్ 1831లో గ్రామర్సీ పార్కును చుట్టూ ఉన్న స్థలాల యజమానులకే కేటాయించి, దాని పోషణ కూడా వాళ్లకే అప్పగించాడు. ఆ గేటు తాళంచెవులు ఈనాటికీ ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల దగ్గరే ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో కాన్సస్ సిటీ బిల్డర్ జె.సి. నికోల్స్ ఈ పద్ధతిని వ్యాపారంగా మలిచాడు. ఇల్లు కొన్నవాళ్లు సంఘంలో చేరి తీరాలి. దస్తావేజులో రాసిన షరతులు కొన్నవాళ్లతో పోకుండా భూమిని అంటిపెట్టుకుని, తర్వాత వచ్చే యజమానులకూ వర్తిస్తాయి. 1929లో క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ న్యూజెర్సీలో రాడ్‌బర్న్‌ను రూపొందించినప్పుడు పార్కుల్ని, కాలిబాటల్ని సంఘం చేతికే ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన ప్రణాళికాబద్ధమైన కాలనీలకు అది నమూనా అయింది.

ఈ చరిత్రలో దాచిపెట్టకూడని మచ్చ ఒకటుంది. జాతిని బట్టి వీధులు విడగొట్టే నగర చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1917లో తీర్పు చెప్పాక, ఆ పని ప్రైవేటు దస్తావేజుల్లోకి మారింది. నల్లజాతివారికి, కొన్నిచోట్ల యూదులకు, ఆసియావాసులకు ఇల్లు అమ్మకూడదని రాసుకున్నారు. ఆ షరతును కాపాడే పని చాలాచోట్ల సంఘాలే నెత్తిన వేసుకున్నాయి. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ తీర్పు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయరాదంది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఆ వివక్షనే నిషేధించింది. మా కాలనీ మా ఇష్టం అనే మాటను అనుమానంగా వినాలని నేర్పింది ఈ అనుభవమే. ఫ్లాటు అద్దెకిచ్చే ముందు కులం, మతం, తిండి ఆరా తీసే మన అపార్టుమెంట్లకు ఈ చరిత్ర పరాయిదేమీ కాదు.

సంఘాలు వేల నుంచి లక్షలకు పెరగడానికి అసలు కారణం డబ్బు లెక్క. 1961 హౌసింగ్ చట్టంతో అపార్టుమెంట్ ఫ్లాట్ల రుణాలకు ఫెడరల్ బీమా దొరికింది. భూమి ధర పెరిగేకొద్దీ బిల్డర్లు ఇళ్లను దగ్గర దగ్గరగా కట్టి, మిగిలిన జాగాను ఉమ్మడిగా చూపించడం మొదలుపెట్టారు. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 13తో ఆస్తి పన్నుకు హద్దు గీశారు. ఆదాయం తగ్గిన స్థానిక ప్రభుత్వాలకు కొత్త కాలనీల రోడ్లు, వాన నీటి కాలువలు, పార్కుల ఖర్చును సంఘాల మీదికి నెట్టడం సులువైన దారిగా కనిపించింది. అంటే సంఘాలను కొనుగోలుదారుల కోరిక ఒక్కటే పెంచలేదు. బిల్డరుకు, పురపాలక సంఘానికి కూడా అవి అవసరమయ్యాయి. ఒప్పంద వాదం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

ఒప్పందమా, ప్రభుత్వమా

ఒప్పంద వాదం చెప్పేది సూటిగానే ఉంటుంది. షరతులు రిజిస్టరై ఉన్నాయి, చదువుకుని సంతకం పెట్టి కొన్నారు, ఇప్పుడు కాదంటే పక్కింటివాడికి ఇచ్చిన మాట తప్పినట్టే. 1994లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు లేక్‌సైడ్ విలేజ్ కేసులో దాదాపు ఇదే ధోరణిలో తీర్పు చెప్పింది. ఫ్లాటులో మూడు పిల్లుల్ని పెంచుకుంటున్న యజమానురాలి మీద సంఘం జరిమానాలు వేసింది. షరతు దస్తావేజులో ఉంది కనుక దాన్ని సమంజసమైనదిగానే భావించాలి, కాదని నిరూపించే భారం ఆమెదేనని కోర్టు అంది. కొన్నేళ్లకే ఆ రాష్ట్ర శాసనసభ కనీసం ఒక పెంపుడు జంతువును ఉంచుకునే హక్కును చట్టంలో చేర్చింది. ఒప్పందం పవిత్రమని కోర్టు చెప్పడం, అన్ని విషయాల్లో కాదని శాసనసభ సవరించడం ఆ తర్వాత పదేపదే జరిగాయి.

ఎదుటి పక్షానికి బలమైన గొంతు రాజనీతి శాస్త్రవేత్త ఇవాన్ మెకెంజీ. 1994లో వచ్చిన ఆయన పుస్తకం ప్రైవటోపియా ఈ సంఘాల్ని ప్రైవేటు ప్రభుత్వాలుగా చూపించింది. అవి పన్నులాంటి రుసుము వసూలు చేస్తాయి, నియమాలు పెడతాయి, తప్పు పట్టి శిక్షిస్తాయి. పౌరుడికి ప్రభుత్వం నుంచి రాజ్యాంగం ఇచ్చే రక్షణలు మాత్రం ఇక్కడ లేవు. ఓటు మనిషికి కాదు, ఆస్తికి. ఈ వాదం న్యూజెర్సీలో కోర్టు మెట్లెక్కింది. ట్విన్ రివర్స్ నివాసులు తమ ఇళ్ల ముందు రాజకీయ బోర్డుల మీద సంఘం పెట్టిన ఆంక్షల్ని సవాలు చేస్తే, 2007లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సంఘం పక్షాన నిలిచింది. 2012లో మాజ్‌డబ్రూక్ కేసులో అదే కోర్టు, సొంత కిటికీలో రాజకీయ బోర్డు పెట్టుకోకుండా పూర్తిగా నిషేధించడం కుదరదని తేల్చింది. అయిదేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండు తీర్పుల్ని పక్కపక్కన పెడితే, న్యాయస్థానాలు కూడా సంఘాన్ని ఒక గాటన కట్టలేకపోయాయని అర్థమవుతుంది.

ఈ రెండు శిబిరాలకు చెందని ఆలోచనలూ ఉన్నాయి. ఆర్థికవేత్త రాబర్ట్ నెల్సన్ 2005లో రాసిన పుస్తకంలో ఈ సంఘాల్ని స్థానిక పాలనలో మంచి ప్రయోగంగా చూశాడు. సంఘం లేని పాత వాడలు కూడా ఒకటి ఏర్పరచుకునే వీలు ఉండాలన్నాడు. రాజనీతి శాస్త్రవేత్త ఎలినోర్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గవర్నింగ్ ది కామన్స్ పుస్తకం కాలనీల గురించి రాసింది కాదు. సాగునీటి వ్యవస్థలు, చేపల వేట, కొండ పచ్చిక బయళ్లను జనం ఉమ్మడిగా ఎలా కాపాడుకున్నారో పరిశీలించింది. హద్దులు స్పష్టంగా ఉండటం, నియమాలు పాటించేవాళ్లకే వాటిని మార్చే అవకాశం ఉండటం, తప్పుకు శిక్ష చిన్నగా మొదలై క్రమంగా పెరగడం, తగవులు తక్కువ ఖర్చుతో తీరడం వంటివి ఉన్నచోట ఉమ్మడి వనరులు నిలిచాయని ఆమె గమనించింది. నా ఉద్దేశంలో సంఘాలకు పనికొచ్చే సాహిత్యంలో మేలైనది ఇదే. మొదటి నోటీసుతోనే వకీలు ఫీజు కూడా కలిపి బిల్లు పంపే సంఘాన్ని ఆస్ట్రమ్ కొలమానంతో చూస్తే దాని బలహీనత ఇట్టే తెలిసిపోతుంది.

ఒప్పంద వాదం విఫలమయ్యేది ఎక్కడంటే, కొనేవాడు ఆ షరతుల మీద బేరమాడే అవకాశమే లేదు. బిల్డరు వకీలు రాసిన కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి, లేదా ఇల్లు వదులుకోవాలి. కొత్త కాలనీలన్నీ అలాగే ఉన్నప్పుడు వదులుకోవడం కూడా పేరుకే. ప్రభుత్వ వాదానికి మరో లోటుంది. ఇవాళ్టి నివాసిని ఇవాళ్టి కమిటీ నుంచి కాపాడటం దానికి బాగా తెలుసు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫ్లాటు కొనబోయే మనిషి తరఫున మాట్లాడేవాళ్లు అందులో ఎవరూ లేరు. భవనం ఆయుష్షు దాని యజమానుల కాపురాల కంటే పెద్దది. అందుకే సంఘాన్ని ధర్మకర్తగా చూడటం ఈ రెండు పోలికల కంటే సరైనదని నేను అనుకుంటున్నాను. తాను అనుభవించేదాన్ని తన తర్వాత వచ్చేవాళ్లకు చెక్కుచెదరకుండా అప్పగించాల్సిన బాధ్యత దానిది.

రంగు మీద పట్టు

శాసనసభలు ఇప్పటిదాకా సంఘాల పెత్తనాన్ని ఒక్కో గొడవ వచ్చినప్పుడల్లా కొంత కొంత కత్తిరిస్తూ వచ్చాయి. కరవు కాలంలో నీళ్లు పొదుపు చేసి పచ్చిక ఎండబెట్టిన ఇళ్లకు జరిమానా వేయకుండా 2014లో కాలిఫోర్నియా చట్టం చేసింది. టెక్సస్ 2011లో గుమ్మం మీద మత చిహ్నాల్ని సంఘాలు నిషేధించకుండా ఆపింది, అయితే 25 చదరపు అంగుళాల లోపే అని కొలత పెట్టింది. 2021లో ఆ కొలతను ఎత్తేసి పరిధిని పెంచింది. గుమ్మానికి తోరణం, దేవుడి పటం పెట్టుకునే తెలుగు ఇళ్లకు ఈ మార్పు చిన్నదేమీ కాదు. కొలరాడో 2022లో కేవలం జరిమానా బాకీ కారణంగా ఇల్లు జప్తు చేయకుండా అడ్డుకట్ట వేసింది. జరిమానాలకు పరిమితి కూడా విధించింది.

సంఘాలు దీనికి ఇచ్చే జవాబులో ఒక నిజం ఉంది. నియమాలు ఉంటేనే ఇంటి ధర నిలబడుతుందంటాయి. ఆర్థికవేత్తలు వయట్ క్లార్క్, మాథ్యూ ఫ్రీడ్‌మన్ 2019లో ప్రచురించిన అధ్యయనం, సంఘం ఉన్న ఇళ్లు పోల్చదగిన ఇతర ఇళ్ల కంటే సగటున కనీసం 4 శాతం ఎక్కువ ధర పలుకుతున్నాయని తేల్చింది. అయితే ఆ నాలుగు శాతంలో పార్కు వాటా ఎంత, ఈతకొలను వాటా ఎంత, తలుపు రంగు మీది నియమం వాటా ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. ఎవరింట్లో వాళ్లు ఎలా ఉండాలన్నది శాసించే నియమాల్ని సమర్థించడానికి దాన్ని వాడుకోవడం సరికాదు. చప్పుడు, మురుగు, మంటల ప్రమాదం, పార్కింగు ఆక్రమణ ఇతరులకు నష్టం చేస్తాయి. వాటి మీద నియమం ఉండాలి. కిటికీ తెర రంగు ఎవరికీ నష్టం చేయదు.

సర్ఫ్‌సైడ్‌లో ఏం జరిగింది

2021 జూన్ 24 తెల్లవారుజామున, ఒంటిగంట దాటాక, ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అపార్టుమెంటులో పెద్ద భాగం కూలిపోయింది. పన్నెండు అంతస్తులు, 136 ఫ్లాట్లు, 1981లో కట్టిన భవనం. 98 మంది చనిపోయారు. ఈతకొలను డెక్కు కింద జలనిరోధక పొర పాడైందని, దాని కింది కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చాడు. నీరు దిగి ఇనుప కడ్డీని తాకితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఆ పగులులోంచి మరింత నీరు దిగుతుంది. కనుక మరమ్మతు ఆలస్యమైన ప్రతి ఏడాదీ పాడు మాత్రమే కాదు, ఖర్చు కూడా పెరుగుతుంది. అక్కడ మూడేళ్లు చర్చలే నడిచాయి. 2019లో కమిటీ సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. చివరికి కోటిన్నర డాలర్ల పనికి ఆమోదం దొరికే నాటికి సంఘం నిల్వలో పది లక్షల డాలర్లు కూడా లేవు. ఒక్కో ఫ్లాటు మీద పడిన ప్రత్యేక వాటా 80 వేల డాలర్ల నుంచి మొదలైంది. ఆ డబ్బు కూడే లోపే భవనం పడిపోయింది.

తప్పంతా సంఘం మీదే మోపడం న్యాయం కాదు. డెక్కు మొదటి డిజైన్‌లోనే బలం చాలలేదని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ దర్యాప్తులో బయటపడింది. అయినా ఇందులో చట్టం పాత్ర కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. భవనాల్ని అయిదేళ్లకోసారి నిపుణుల చేత తనిఖీ చేయించాలని ఫ్లోరిడా 2008లో పెట్టిన నియమాన్ని 2010లో రద్దు చేసింది. పెద్ద మరమ్మతుల కోసం కూడబెట్టే నిల్వ నిధి వద్దని యజమానులు ఓటు వేసి ఏటేటా ఎగవేసే వీలునూ ఇచ్చింది. నిర్మాణ భద్రత ఓటుకు వదిలారు. 98 ప్రాణాలు పోయాక 2022లో దాన్ని సరిదిద్దారు. మూడంతస్తులు, ఆపైన ఉన్న భవనాలకు 30 ఏళ్లు నిండగానే తనిఖీ తప్పనిసరి అయింది. నిర్మాణ భాగాల నిధిని ఓటుతో ఎగవేసే దారి మూసేశారు. దాంతో రుసుములు ఒక్కసారిగా పెరిగి, పింఛను మీద బతికే వృద్ధులు చాలామంది ఇబ్బందిపడ్డారు. 2025లో గడువులు, అప్పు తెచ్చుకునే వీలు విషయంలో కొంత సడలింపు ఇచ్చారు.

హైదరాబాద్‌లో కార్పస్ ఫండ్

తెలుగు రాష్ట్రాల్లో అపార్టుమెంట్లకు మూల చట్టం 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసినదే. సంఘం పెట్టుకోవాలంటే మాత్రం దారి ఒకటి కాదు. కొన్ని 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కొన్ని 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి. కేంద్రం 2016లో తెచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా, మెజారిటీ ఫ్లాట్లు బుక్కయ్యాక మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడటం బిల్డరు బాధ్యతగా చేసింది. ఉమ్మడి భాగాలను ఆ సంఘం పేరిట రాసివ్వాలంది. అయిదేళ్లలోపు బయటపడే నిర్మాణ లోపాలకు బిల్డరే జవాబుదారీ అంది. అలాంటి లోపం ప్రాణాలు కూడా తీయగలదు. గురుగ్రామ్‌లో చింటెల్స్ పారడైసో అపార్టుమెంట్లలో 2022 ఫిబ్రవరిలో ఒక ఫ్లాటు హాలు స్లాబు కింది అంతస్తుల మీద కూలి ఇద్దరు చనిపోయారు. కాంక్రీటులో క్లోరైడ్ ఎక్కువగా ఉందని ఐఐటీ ఢిల్లీ పరీక్షల్లో తేలింది. కొత్త భవనంలో లోపాన్ని మెయింటెనెన్స్ సరిచేయజాలదు, పసిగట్టగలదంతే.

అయిదేళ్ల తర్వాతి కాలానికి మన దగ్గర చెప్పుకోదగ్గ కట్టడి లేదు. ఫ్లాటు అప్పగించేటప్పుడు బిల్డరు చదరపు అడుగుకు ఇంతని కార్పస్ ఫండ్ వసూలు చేస్తాడు. అది సంఘం ఖాతాలోకి రావడమే కొన్నిచోట్ల పెద్ద పోరాటం. వచ్చాక బోరు ఎండిపోతేనో, జనరేటరు చెడిపోతేనో, ట్యాంకర్ల ఖర్చు పెరిగితేనో దాన్నే కరిగిస్తారు. మహారాష్ట్రలో సహకార గృహ సంఘాల నమూనా నియమావళి వేరేలా ఉంది. ఒక్కో ఫ్లాటు నిర్మాణ వ్యయంలో ఏటా కనీసం 0.25 శాతం, భవిష్యత్తులో పెద్ద పనుల కోసం ఉంచే సింకింగ్ ఫండ్‌కు, 0.75 శాతం మరమ్మతుల నిధికి కట్టాలి. 15 నుంచి 30 ఏళ్ల భవనానికి అయిదేళ్లకోసారి, 30 దాటితే మూడేళ్లకోసారి నిర్మాణ బలం పరీక్ష, అంటే స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాలి. ముంబైలో పాత భవనాలు కూలడం ఆగిపోలేదు, నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. కానీ ఎంత కూడబెట్టాలో, ఎప్పుడు పరీక్షించాలో అక్కడ ఒక అంకె ఉంది. మన దగ్గర ఆ విషయం సర్వసభ్య సమావేశంలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట మీద ఆధారపడుతోంది.

నెలనెలా కూడబెట్టాల్సిన మొత్తం ఎంత చిన్నదో ఒక లెక్కతో చూడొచ్చు. 50 ఫ్లాట్ల బ్లాకులో లిఫ్టు మార్చడానికి 15 లక్షలవుతుందని, అది 20 ఏళ్లు పనిచేస్తుందని అనుకుందాం. మొదటి నెల నుంచే పక్కన పెడితే ఒక్కో ఫ్లాటుకు నెలకు 125 రూపాయలు. పెట్టకపోతే ఇరవయ్యో ఏట ఒక్కసారిగా 30 వేలు. అప్పుడు సగంమంది ఇస్తారు, కింది అంతస్తులవాళ్లు మాకు లిఫ్టెందుకంటారు, అద్దెకిచ్చి దూరంగా ఉన్న యజమాని ఫోన్ ఎత్తడు. వాటర్‌ప్రూఫింగ్, సంప్, మురుగు పైపులు, డక్టుల్లోని సీపేజీ, అన్నింటిదీ ఇదే వరస. పై ఫ్లాటు బాత్రూం లీకేజీకి ఎవరు కట్టాలన్న తగువు నెలలు సాగుతుంటే, ఆ నీరు మాత్రం స్లాబులో తన పని తాను చేసుకుపోతుంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

నేను పదేళ్లలో అమ్మేసి వెళ్లిపోతాను, ఇరవయ్యో ఏట మారే లిఫ్టుకు నేనెందుకు కట్టాలి అన్నది మొదటి అభ్యంతరం. ఆ లిఫ్టు అరుగుదలలో సగం ఆ పదేళ్లలోనిదే. కట్టకుండా అమ్మితే ఆ సగం కొనేవాడి నెత్తిన పడుతుంది. కాలిఫోర్నియా చట్టం మూడేళ్లకోసారి నిల్వ నిధి అధ్యయనం చేయించి, దాన్ని కొనేవాళ్లకు చూపించాలంటుంది. ఇక్కడా అమ్మకం సమయంలో సంఘం నిధి వివరం ఇవ్వాలన్న నియమం పెడితే, నిధి ఉన్న భవనంలో ఫ్లాటుకు ఎక్కువ ధర పలుకుతుంది. అమ్మేవాడు కట్టింది వృథా కాదు.

రెండోది ఇంతకంటే గట్టిది. కమిటీ చేతిలో లక్షలు పోగుపడితే ఎవరైనా తినేస్తారన్న భయం. ఇది అపోహ కాదు, లెక్కలు చూపని కార్యదర్శుల మీద తగవులు ప్రతి నగరంలోనూ ఉన్నాయి. కానీ దానికి మందు నిధి లేకపోవడం కాదు. నిధికి వేరే ఖాతా ఉండాలి. ఇద్దరి సంతకాలు లేనిదే డబ్బు బయటికి రాకూడదు. ఏటా బయటి ఆడిటర్ చేత లెక్క చూపించాలి. రోజువారీ ఖర్చులకు అందులోంచి తీయకూడదు. మూడో అభ్యంతరం పేదరికానిది. పాత బ్లాకుల్లో పింఛనుదారులు, ఒక్క జీతం మీద బతికేవాళ్లు ఎక్కువ, నెలకు 500 పెంచినా వాళ్లకు భారమే. ఫ్లోరిడా అనుభవం ఈ మాటను తేలిగ్గా తీసేయొద్దని చెబుతోంది. ఆలస్యంగా మొదలుపెట్టిన భవనాలకు ఏళ్లకు సాగదీసిన వాయిదాలు, తక్కువ వడ్డీ మరమ్మతు రుణాలు ఉండాలి. ఇప్పుడు ఒక్కో సభ్యుడికి నెలకు 7,500 రూపాయలు దాటిన మెయింటెనెన్స్ మీద, సంఘం వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే, 18 శాతం జీఎస్టీ పడుతోంది. దాటిన మొత్తం మీదే పన్ను వేయాలని మద్రాస్ హైకోర్టు 2021లో చెప్పింది. నిర్మాణ భద్రతకు పక్కన పెట్టే డబ్బును ఈ లెక్క నుంచే తప్పిస్తే ప్రభుత్వానికి పోయేది కొంచెం, భవనానికి ఒరిగేది ఎక్కువ.

ఆస్తి పన్ను కడుతున్నాం కదా, రోడ్డూ చెత్తా కార్పొరేషనే చూడాలి అన్నది మరో వాదన. గేటు బయట అందరికీ దొరికే సేవ గేటు లోపల ఇవ్వనందుకు నివాసులు రెండుసార్లు చెల్లిస్తున్నారన్నది నిజం. న్యూజెర్సీలో మంచు ఊడ్చడం, వీధి దీపాలు, చెత్త సేకరణ విషయంలో పురపాలక సంఘాలు ప్రైవేటు కాలనీలకు ఆ సేవ చేయాలి, లేదా ఖర్చు తిరిగి ఇవ్వాలి. మన ఘన వ్యర్థాల నియమాలు 2016లో వ్యతిరేక దిశలో వెళ్లి, 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలకే తడి చెత్త పని అప్పగించాయి. దాన్ని తప్పుపట్టలేం. కానీ పని అప్పగించినప్పుడు పన్నులో ఊరట కూడా ఇవ్వాలన్న వాదన న్యాయమైనదే.

ఇంకా తేలనివి

అద్దెకున్నవాళ్లకు ఓటు ఉండాలా అన్నది ఎక్కడా సంతృప్తికరంగా తేలలేదు. నిధి ధర్మకర్తృత్వం యజమానులది కనుక దాని మీద ఓటు వాళ్లకే ఉండటం సబబు. నీళ్ల వేళలు, పార్కింగు, పిల్లల ఆటస్థలం, పెంపుడు కుక్కల తగవుల మీద అక్కడ నివసించేవాళ్లందరికీ మాట ఉండాలి. సభ్యత్వాన్ని ఇలా రెండుగా విడగొట్టడానికి ఇప్పుడున్న నియమావళుల్లో చోటు లేదు. చదరపు అడుగులను బట్టి వసూలు చేయాలా, ఫ్లాటుకు ఇంతనా అన్నదీ అంతే. లిఫ్టుకు, వాచ్‌మన్ జీతానికి ఫ్లాటు లెక్క, రంగులకు, స్లాబుకు అడుగు లెక్క అని కలిపితే న్యాయం దగ్గరపడుతుంది. కానీ అలా కలిపిన చోట బిల్లు అర్థంకాక కొత్త తగవులు పుడుతున్నాయి.

అన్నిటికంటే కష్టమైనది, భవనం ఇక బాగుచేయడానికి కూడా పనికిరానప్పుడు ఏం చేయాలన్నది. హైదరాబాద్ పాత వాడల్లో 1980ల్లో, 90ల్లో కట్టిన మూడు, నాలుగు అంతస్తుల బ్లాకులు ఆ వయసుకు చేరుతున్నాయి. ఒక్కో యజమానికి మిగిలేది భూమిలో విడగొట్టని వాటా, అంటే అన్‌డివైడెడ్ షేర్. మహారాష్ట్ర 2019లో పునర్నిర్మాణానికి 51 శాతం సభ్యుల సమ్మతి చాలంది. అంతమంది ఒప్పుకుంటే పడగొట్టొచ్చంటే, మిగిలిన 49 శాతంలో ఉన్న ఒంటరి వృద్ధురాలు కొత్త భవనం లేచేదాకా ఎక్కడ ఉండాలి, అద్దె ఎవరు కట్టాలి, బిల్డరు మధ్యలో ఆగిపోతే ఎవరు పూచీ? అందరూ ఒప్పుకోవాలంటే, ఒక్కరు కాదన్నా మిగిలినవాళ్లంతా కడ్డీలు బయటపడ్డ స్లాబు కిందే కాపురం ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో దీనికి స్పష్టమైన శాతం, ఆ మధ్యకాలపు అద్దెకు బ్యాంకు పూచీకత్తు, కాదన్నవాళ్ల వాటాకు స్వతంత్ర విలువ కట్టే పద్ధతి, ఈ మూడూ కలిసిన చట్టం అవసరం. ఆ బ్లాకుల్లో మొదటి స్ట్రక్చరల్ ఆడిట్ నివేదికలు చేతికొచ్చే లోపే అది రావాలి.